బల్ల చివర పీట

వదినా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి మామిడి సీజన్ ఇది. ఈసారి మన పల్ప్ ఫ్యాక్టరీలో క్వాలిటీ ప్రోగ్రాం పెట్టారు. దాన్ని నడిపే మేనేజరుగారు ఛాంపియనట, కాయలు ఏరే బల్లకి నేను ప్రాసెస్ ఓనర్‌నట, అంటే అక్కడ ఏం జరిగినా పూచీ నాదట. నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. నాకైతే అన్నం సయించడం లేదు.

కుళ్ళు కాయలు బల్ల దాటిపోతున్నాయి. ఈ ప్రోగ్రాం ప్రకారం అసలు కారణం దొరికేదాకా ‘ఎందుకు’ అని అడుగుతూనే ఉండాలట. ఇవాళ మేనేజరుగారు అందరి ముందూ నన్నే అడిగారు.

“కాయలు ఎందుకు దాటుతున్నాయమ్మా?”

“బల్ల చివర చూసేవాళ్ళు లేరండి.”

“ఎందుకు లేరు?”

“అక్కడ ఎవరూ నిలబడటం లేదండి.”

“అదే, ఎందుకు?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు దించుకున్నారు. అది నీ చోటని అందరికీ తెలుసు. రేపు పొద్దున్నకల్లా జవాబు కావాలన్నారు మేనేజరుగారు. చెప్పకపోతే తప్పంతా ఓనర్‌దే, అంటే నాదే.

బల్ల అందక నువ్వెక్కి నిలబడే చెక్కపీట ఇంకా ఆ బల్ల చివరే ఉంది. రోజూ తుడుస్తున్నాను. జవాబు చెప్పానంటే రేపే అక్కడికి ఎవరినో పంపుతారు. పొట్టిమనిషిని పంపమని అడగనా? పొడుగు మనిషైతే ఆ పీట తీసి పక్కన పడేస్తుంది, వదినా.