ఎడమవైపు దారి

మార్చి 4

ప్రియమైన విల్ఫ్,

డాఫొడిల్స్ పూశాయని, రమ్మని రాశావు. సంతోషం. రాలేను.

నా ఎనిడ్ పోయి పదకొండు నెలలు. వండుకుంటున్నాను. మాడుస్తున్నాను. తింటున్నాను.

మార్ల్‌కూమ్ తోటకి నువ్వు పెద్ద తోటమాలివి. మార్ల్‌కూమ్ సరస్సు చుట్టూ ఉన్నది ఒకటే దారి అని నీకు చెప్పనక్కర్లేదు. వంతెన దగ్గర నేను కుడికి తిరిగేవాణ్ణి, తోట వేసినవాడు అనుకున్న వరసలో. "రెండొందల యాభై ఏళ్ల కిందటి మనిషి చెప్పినట్టు నేనెందుకు నడవాలి?" అంటూ ఎనిడ్ ఎడమకి పోయేది. అవతలి గట్టున మండపం దగ్గర కలిసేవాళ్ళం. ముప్పై ఒక్క ఏళ్లు. ప్రతిసారీ ఆమె ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్రతిసారీ నేను కసరడం.

ఇప్పుడు అటువైపు నుంచి ఎవరొస్తారు?

నీ
డెస్మండ్

ఏప్రిల్ 9

ప్రియమైన డెస్మండ్,

చెడ్డ కబురు నా నోటనే వినాలి నువ్వు. మండపం గోడ మీది తెల్ల గులాబీ చచ్చిపోయింది. వేరుకు బూజు. నిన్న తవ్వి తీసేశాం. దానికి పేరు లేదు. ఇంకెక్కడా లేదని గులాబీలు తెలిసినవాళ్లు తేల్చేశారు. గోడ పళ్లూడిన నోరులా ఉంది.

ఎనిడ్ దాని కిందే కూర్చునేది కదా.

ఎప్పటికీ నీ
విల్ఫ్

ఏప్రిల్ 20

ప్రియమైన విల్ఫ్,

పది రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఆ గులాబీ నా పెరట్లో ఉంది.

పన్నెండేళ్ల కిందట, జూన్‌లో. ఇంటికి తిరిగి వస్తూ కారులో ఎనిడ్ కళ్లజోడు పెట్టె తెరిచింది. లోపల తడి చేతిరుమాలు, అందులో వేలెడు కొమ్మ. "దొంగిలించాను. వెనక్కి చూడకుండా పోనీయ్" అంది. కొమ్మలు తుంచరాదని మీ గేటు మీద బోర్డుంది. నేను హెడ్‌మాస్టర్ని, పిల్లల జేబుల్లోంచి దొంగ ఆపిల్ పళ్లు తీయించినవాణ్ణి. పోనిచ్చాను. నా కారు అంత వేగంగా ఎన్నడూ పోలేదు.

ఎవరినైనా పంపు, తవ్వి తీసుకుపోతారు. ఆమెను తప్పుగా అనుకోకు.

డెస్మండ్

ఏప్రిల్ 23

ప్రియమైన దొంగగారి భర్తా,

ఎవరినీ పంపను. పన్నెండేళ్ల చెట్టును ఇప్పుడు కదిపితే అదీ పోతుంది. నవంబర్‌లో ఆకు రాలాక పెన్సిలంత లావు కొమ్మలు ఆరు కోసుకురా. దొంగసొత్తు దొంగే తిరిగివ్వాలి. దొంగ లేదు కాబట్టి కారు నడిపినవాడు తేవాలి.

అన్నట్టు, ఎడమవైపు నుంచి రా.

నీ రాక కోసం చూసే
విల్ఫ్

నవంబర్ 24

ప్రియమైన విల్ఫ్,

గురువారం వచ్చాను. నీకు సెలవట. టికెట్ల అమ్మాయి అలవాటుగా "ఇద్దరికేగా సార్?" అంది. ఒక్కరికే అన్నాను.

వంతెన దగ్గర చాలాసేపు నిలబడి ఎడమకి తిరిగాను. అటునుంచి మండపం వెనక భాగం కనిపిస్తుంది. ముందువైపు పాలరాయి, వెనక ఉత్త ఇటుక, వాన నీటి గొట్టం. దాని పక్కన మీ పనివాళ్ల షెడ్డు. ముసలి గిడియన్ టీకి కెటిల్ పెడుతున్నాడు. నన్ను చూసి, "ఎనిడమ్మ ఆయనా మీరు? రండి, ఆవిడ కప్పు ఇంకా ఇక్కడే ఉంది" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ల ఇరవై నిమిషాలు అక్కడ పోయాయన్నమాట.

ఎనిడ్ కళ్లజోడు పెట్టెలోంచి కొమ్మలు తీసి ఇచ్చి, దొంగతనం సంగతి చెప్పాను. గిడియన్ టీ ఒలకబోసుకునేంత నవ్వాడు.

"దొంగతనమా! విల్ఫ్ స్వయంగా కోసిచ్చాడండీ, ఈ బల్ల మీదే. 'మా ఆయనకి మాత్రం దొంగిలించానని చెప్తా, ఆయనా జన్మలో ఒక్క తప్పయినా చేసినట్టుంటుంది' అంది ఆవిడ."

జేబులోంచి నీ 'దొంగగారి భర్తా' ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అంతా తెలిసీ ఆమె మాట నిలబెట్టావు.

టీ తాగి మండపం దగ్గరికి నడిచాను. నేను కూర్చునే బెంచీ ఖాళీగా ఉంది. మొదటిసారి ఆలస్యంగా వచ్చింది నేను. కసరడానికి ఎవరూ లేరు.

తర్వాత గిడియన్, నేను కలిసి కొమ్మలు ఆరూ గోడ దగ్గర గుచ్చాం. కళ్లజోడు పెట్టె అక్కడే మరిచిపోయాను. ఉంచు. జూన్‌లో వచ్చి తీసుకుంటాను.

నీ
డెస్మండ్