డ్రమ్ము చప్పుడు

చిట్టితల్లి సంహితకి,

కూడబలుక్కునైనా ఇది నువ్వే చదువుకో. మీ అమ్మకి మాత్రం ఫోటో తీసి పంపకు.

ఆర్మీలో చేరినా నీ పని బ్యాండులో క్లారినెట్ వాయించడమేనని మీ అమ్మ చెప్పింది. ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్ గుడిలో ఎవరడిగినా "మనవరాలు కచేరీలకి వెళ్ళింది" అంటున్నాను. మిమ్మల్ని పంపిన చోట యుద్ధం జరుగుతుంటే, దాని పక్కన కచేరీ ఏమిటో నాకైతే బోధపడటం లేదు. మన పెళ్ళిళ్ళలో తాళి కట్టేటప్పుడు తుమ్మూ ఏడుపూ వినపడకూడదని గట్టిమేళం వాయిస్తారు. అక్కడ మీరు ఏది వినపడకూడదని వాయిస్తున్నారే?

నిన్న వీడియో కాల్‌లో ఢామ్మని చప్పుడొచ్చి నీ బొమ్మ అదిరింది. "ఏం లేదు అమ్మమ్మా, మా డ్రమ్మర్ ప్రాక్టీస్ చేస్తున్నాడు, అంతే" అన్నావు. మీ అమ్మ నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ నమ్మేదాన్నే. కానీ అంతకుముందే నీ పక్కనున్న అబ్బాయిని చూపించి, ఇతనే మా డ్రమ్మర్ అన్నావు కదా! చప్పుడైనప్పుడు అతను రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు.

మీ అమ్మ అది చూడలేదు. చెప్పాలో మానాలో తోచడం లేదు. ఈసారి ఫోన్ చేసేటప్పుడు క్లారినెట్ దగ్గర పెట్టుకో. ఆ చప్పుడు మళ్ళీ వస్తే, మీ అమ్మకి వినపడకుండా గట్టిగా వాయించు.

మీ అమ్మమ్మ