పొగ లేవని పల్లె

అమ్మీకి సలాం. ఇక్కడ మా విలేకరుల్ని సొంత ఫోన్లు వాడనివ్వరు, అందుకే కార్డు రాస్తున్నా. నేను బాగున్నా.

మొన్న గుట్ట మీద నుంచి సరిహద్దు పల్లెను పగలంతా చూసినా. ఒక్క ఇంట్లోనూ పొగ లేవలేదు. కాల్పులకు జడిసి ఊరు ఖాళీ అయిందని పేపరుకు పంపేసినా. అది అచ్చయినాక, పొద్దుగూకే వేళ ఊళ్ళోకి దిగితే ఒకామె నా చేతిలో ఖర్జూరం పెట్టింది. అందరూ ఇళ్ళలోనే ఉండారు, రంజాన్ రోజాలతో. వంట సహరీకే, తెల్లారకముందు చీకట్లోనే అయిపోయింది. ఆఫీసులో కూర్చొనుంటే ఆ తప్పు కూడా నాకు తెలిసేది కాదు.

చెల్లి షాహనా నా వార్తలు వాకాడు ఊరంతా చూపిస్తా ఉందంట, మానమను. వంటింటి మీద రేకులు మార్పించినారా?

రోజాలు ఉంటున్నావా అని అడిగినావు గదా. ఉండుంటే ఆ వార్త రాసుండను.

నీ దువా కోరే
షఫీక్