శుక్రవారం మూడు, సోమవారం సున్నా

గ్లాస్గో,
ఫిబ్రవరి

మర్డో పెదనాన్నకు, మార్సలీ నమస్కరించి రాస్తున్నది.

నేను క్షేమం. ఈ ఊళ్ళో వానకు తడవనివాడు ఎంత క్షేమంగా ఉంటాడో అంత. ఈ ఏడుతో నా హానర్స్ చదువు ముగుస్తుంది. ముగియాలంటే సైకాలజీలో సొంతంగా పరిశోధన చేసి వ్యాసం రాయాలి, దాని మీద మా డాక్టర్ పెటిగ్రూ మేడమ్ సంతకం పెట్టాలి. ఆవిడ పెట్టకపోతే హానర్స్ లేదు. హానర్స్ లేకపోతే ఆసుపత్రిలో మనసు వైద్యం నేర్చుకునే అవకాశం లేదు. నాన్న మాట్లాడి ఉంచిన చేపల కోత ఉద్యోగం మాత్రం ఉంది.

నా విషయం ఒంటరితనం. తోటివాళ్ళంతా మొదటి ఏడాది పిల్లల్ని పట్టుకుని ప్రశ్నలడుగుతున్నారు. ఆ వయసువాళ్ళ ఒంటరితనం శనివారం సాయంత్రానికి దానంతటదే పోతుంది. నాకు ఒంటరిగా బతికే పెద్దవాళ్ళు కావాలి. మన స్కారవిక్‌లో వాళ్ళకు కొదవ లేదు కదా.

కాగితాలు పంపుతున్నాను. "నాకెవరూ లేరనిపిస్తుంది", "నా గోడు వినే మనిషి లేడు", "నావల్ల ఎవరికీ ఉపయోగం లేదు" ఇలాంటి వాక్యాలుంటాయి. ఎన్నడూ అనిపించకపోతే సున్నా, ఎప్పుడూ అనిపిస్తుంటే మూడు. పేరు రాయనక్కర్లేదు. దయచేసి అందరికీ పంచిపెట్టండి.

మీ కూతురు లాంటి
మార్సలీ

తా.క. మీరూ ఒకటి నింపాలి. పెగీ పెద్దమ్మ పోయాక మీ ఉత్తరాల్లో వాతావరణం తప్ప ఏమీ ఉండటం లేదు.

*

స్కారవిక్, లూయిస్ దీవి,
మార్చి

ప్రభువునందు ప్రియమైన మార్సలీకి, నీ పెదనాన్న దీవించి వ్రాయునది.

నీ కట్ట అందింది. మొదట పొయ్యిలో వేద్దామనుకున్నాను. జనాన్ని లెక్కపెట్టబోయిన దావీదుకు ఏమైందో నీకు సండే స్కూల్లో నేనే చెప్పాను. తెగులు వచ్చింది. అంతటి రాజుకే దక్కని మినహాయింపు గ్లాస్గోలో చదివే పిల్లకు దక్కుతుందా? అయినా రక్తసంబంధం. మగ్గం ఆపి, కళ్ళజోడు పెట్టుకుని చదివాను. చదివాక సిగ్గుపడ్డాను. ఇంత లోతుగా మనిషి లోపలికి చూసే ప్రశ్నలు మా పాదిరిగారు కూడా ఈ మధ్య వెయ్యలేదు.

సమయానికి ప్రభువు బల్ల పండుగ వచ్చింది. శుక్రవారం ప్రశ్న దినం నీకు తెలుసు కదా. ఒక పెద్ద లేచి ప్రశ్న పెడతాడు, తక్కిన మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిజమైన విశ్వాసికి లోపల ఎలా ఉంటుందో తమ అనుభవం చెబుతారు. చిన్నప్పుడు నువ్వు నా పక్కన కూర్చుని నా కోటు చేతి మీద తల పెట్టి నిద్రపోయేదానివి. ఈసారి ప్రశ్న పెట్టే వంతు నాది. నీ కాగితమే పెట్టాను.

తల్లీ, ఇన్నేళ్ళలో అలాంటి శుక్రవారం చూడలేదు. రేవు ఫిన్లే లేచి, "నాకెవరూ లేరు. ఉండటానికి నేను తగను. మూడు" అన్నాడు. ఆ మాటకు కేలమ్ లేచి, "ఫిన్లేకి మూడు ఇస్తే నాకేమివ్వాలి? నాలుగు ఉందా?" అన్నాడు. లేదన్నాను. చాలా బాధపడ్డాడు. బస్సు నడిపే నార్మన్ ఒక్కడు మాత్రం "నాకు బానే ఉందండీ, సున్నా" అన్నాడు. దేవుని ముందు నిలబడి తాను బాగున్నానన్న పరిసయ్యుడికీ, రొమ్ము కొట్టుకున్న సుంకరికీ తేడా వాడికి తెలియదు పాపం. ఇద్దరు పెద్దలు వాడింటికి వెళ్ళి ప్రార్థన చేశారు. మరునాటికి మూడుకు దిద్దుకున్నాడు.

ఆడవాళ్ళు మందిరంలో మాట్లాడరు కనక ఇళ్ళ దగ్గర నింపారు. వాళ్ళవీ మూళ్ళే. మొత్తం పంపుతున్నాను.

నీ ఆత్మక్షేమం కోరే
మర్డో

తా.క. "నేను పురుగును, నరుడను కాను" అనే కీర్తన వాక్యం నీ కాగితంలో లేదని చాలామంది అడిగారు. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు చేర్చు.

*

గ్లాస్గో,
మార్చి

పెదనాన్నకు,

మీరు చేసిన మేలు మరచిపోలేను. మరచిపోదామన్నా డాక్టర్ పెటిగ్రూ మరవనివ్వడం లేదు.

పెదనాన్నా, ఆ కాగితాలు ఎవరింట్లో వాళ్ళు, ఎవరికీ చూపకుండా నింపాలి. మీరు మందిరంలో చదివించారు. సరే, అయిందేదో అయింది. లెక్క కట్టాను. మా శాస్త్రం ప్రకారం స్కారవిక్‌లో ఒక్క మనిషి కూడా ఈపాటికి మంచం దిగి ఉండకూడదు. మేడమ్ ఆ అంకెలు చూసి కుర్చీలో వెనక్కి వాలి, "మార్సలీ, ఆ ఊళ్ళో ఏం జరిగింది? పడవ మునిగిందా?" అన్నారు. ఏమీ జరగలేదండీ, పండుగ జరిగింది అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూశారు.

జవాబులు ఒక హద్దు దాటితే పైకి తెలియజేయాలని మా నీతి సంఘం నియమం. ఊరు ఊరంతా దాటింది. అందుకని ఇన్వర్నెస్ నుంచి మనసు జబ్బులు చూసే హెస్టర్ బ్రామ్‌వెల్ గారు పడవలో వస్తున్నారు. ఆవిడకైనా ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఈ అంకెలు నమ్మదగినవి కావని తేలితే నా వ్యాసం చెత్తబుట్టలోకి పోతుంది, నేను చేపల దగ్గరికి పోతాను.

మీ
మార్సలీ

తా.క. కాగితాల మీద పేర్లు లేవు, కానీ నాకు అందరి చేతిరాతా తెలుసు. మీది లేదు.

*

స్కారవిక్,
మార్చి చివర

మార్సలీకి, కృపయు సమాధానమును కలుగును గాక.

నువ్వు పంపిన హెస్టరమ్మ వచ్చింది. మంచి మనిషి. బూట్లు మాత్రం మన బురదకు పనికిరావు.

ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, "మీకు ఇలా ఎన్నాళ్ళనుంచి అనిపిస్తోంది? రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అని అడిగింది. పాపభారంతో కుమిలిపోయే మనిషిని సంఘ పెద్దలు అడిగే ప్రశ్నలు సరిగ్గా అవే. దాంతో మనవాళ్ళకు విషయం అర్థమైంది. ఈమె తన ఆత్మ గురించి ఆందోళనపడి, నేరుగా అడగడానికి మొహమాటపడి, ఇలా చుట్టుతిప్పి అడుగుతోంది అనుకున్నారు. ఫిన్లే ఆవిడకు ఉప్పుచేపా బంగాళాదుంపలూ పెట్టి, "నీకెన్నాళ్ళనుంచమ్మా?" అని తిరిగి అడిగాడు. ఎదురు ప్రశ్న ఆవిడ ఊహించలేదు. కిర్స్టీ అవ్వ ఇంటికి వచ్చేసరికి ఏడ్చేసింది. ఆవిడకు విడాకులయ్యాయిట, ఇన్వర్నెస్‌లో ఎవరూ పలకరించరుట. అవ్వ ఆవిడను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, కష్టాల్లో పడ్డ యోబు దగ్గర స్నేహితులు మొదట నోరెత్తకుండా కూర్చున్నట్టు పక్కన కూర్చుంది. వాళ్ళు ఆ తర్వాత నోరు తెరిచి చెడగొట్టారు. అవ్వ తెరవలేదు.

ఆఖరుకి మా ఇంటికి వచ్చింది. ఫిన్లే, కేలమ్ దారి చూపే వంకతో వెంట వచ్చారు. "మీరెలా ఉన్నారు మర్డో గారూ?" అని అడిగింది.

"బాగానే ఉన్నాను" అన్నాను.

ఫిన్లే టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దలు నాకోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. వచ్చే పండుగకు ప్రశ్న పెట్టే వంతు నాకివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారు.

ఒకటి మాత్రం మీ మేడమ్‌తో చెప్పు. మనవాళ్ళు అబద్ధం చెప్పలేదు. శుక్రవారం మూడు అన్నవాడికి ఆ క్షణాన అది మూడే. సోమవారం వాడే గొర్రెల దొడ్డిలో నిలబడి పగలబడి నవ్వుతాడు. మనిషిని ఏ వారాన అడుగుతున్నావో చూసుకుని అడగాలి.

ఇట్లు
మర్డో

తా.క. మీకు నీతి సంఘం ఉందని రాశావు. ఎవరు వాళ్ళు? ఆదివారం పాటిస్తారా?

*

గ్లాస్గో,
ఏప్రిల్

పెదనాన్నకు,

మీ ఆఖరి మాట మేడమ్‌కు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "నీ వ్యాసం ఇదే. శుక్రవారం జవాబూ సోమవారం జవాబూ పక్కపక్కన పెట్టు" అన్నారు. కాబట్టి కొత్త కాగితాలు పంపుతున్నాను. ఈసారి మందిరం వద్దు. ఈ నెల ప్రతి సోమవారం మీరే ఒక్కో ఇంటికీ వెళ్ళి, కాగితం చేతికిచ్చి, నింపేదాకా కూర్చుని, పట్టుకురండి. ఇంకేమీ చెయ్యవద్దు.

ఇప్పుడు వేరే సంగతి. మీరు "బాగానే ఉన్నాను" అన్నారని నాన్నకు ఫోన్లో చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. తర్వాత, "మీ పెదనాన్న పెళ్ళిరోజున కూడా ఆ మాట అనలేదే" అన్నారు. నన్ను కాగితంగా కాక మనిషిగా అనుకుని చెప్పండి. ఎలా ఉన్నారు?

మీ
మార్సలీ

*

స్కారవిక్,
ఏప్రిల్ చివర

మార్సలీకి,

కాగితాలన్నీ పంపాను. నా గురించి అడిగావు. గాలి ఉత్తరం నుంచి. బంగాళాదుంపలు నిలవున్నాయి.

మర్డో

తా.క. పైకప్పు కారడం లేదు.

*

గ్లాస్గో,
మే

పెదనాన్నకు,

అన్నీ సున్నాలే. మొదటి సోమవారం కొన్ని రెండ్లు ఉన్నాయి, తర్వాత ఒకట్లు, ఆఖరి సోమవారానికి ఊరంతా సున్నా. కేలమ్ సున్నాకు కళ్ళూ ముక్కూ కూడా గీశాడు. అది సోమవారం మహిమే అయితే మొదటివారమే సున్నా ఉండాలి. ఇలా వారం వారం దిగిందంటే ఏదో దించింది. మేడమ్ వ్యాసం బల్ల మీద పెట్టి, "కారణం చెప్పు. ఆ కారణం అందని మనిషి ఒక్కరినైనా పక్కన పెట్టి చూపించు. అప్పుడు సంతకం పెడతాను. లేకపోతే ఇది కట్టుకథ" అన్నారు. వచ్చే వారమే గడువు.

పెదనాన్నా, మీరేం చేశారు?

మార్సలీ

*

స్కారవిక్,
మే

నా తల్లి మార్సలీకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. వెళ్ళాను, ఇచ్చాను, నింపేదాకా కూర్చున్నాను.

కానీ మన ఊళ్ళో గడప దాటినవాడు టీ తాగకుండా కదలకూడదని నీకు తెలుసు. టీ తాగాక ఒక కీర్తన. కీర్తన అయ్యాక వాళ్ళకు కళ్ళజోడు దొరకదు, కాగితం నేనే చదవాలి. "నా గోడు వినే మనిషి లేడు" అని నేను చదవగానే కిర్స్టీ అవ్వ తన గోడు మొదలుపెట్టేది. అది పూర్తయ్యాక, "ఇంతకీ ఏమడిగావు మర్డో?" అనేది. సున్నా వేసేది. పొట్టేలు తగాదా నుంచి ఫిన్లేకీ కేలమ్‌కీ మాటల్లేవు, ఒకే బల్ల మీద కూర్చుంటారు, ఒకే దారిన నడుస్తారు కానీ పలకరించుకోరు. ఒకడు రెండోవాడి మీద తిట్టు నా చేత పంపేవాడు. నేను మోసేవాడిని. మూడో సోమవారానికి తిట్లు అయిపోయి, "వాడి మోకాలు ఎలా ఉందో కనుక్కో" అని మొదలైంది. ఆఖరి సోమవారం ఫిన్లే గడ్డం గీసుకుని కూర్చున్నాడు, నేను వస్తానని.

అది నీ లెక్కను పాడుచేస్తుందని నాకు తోచలేదు. లెక్కపెట్టబోతే దావీదుకు తెగులు వచ్చింది. నేను లెక్కపెట్టబోతే ఊరి తెగులు పోయింది. రెండూ లెక్క తప్పడమే. క్షమించు.

ఇక కారణం అందని మనిషి కావాలన్నావు. ఉన్నాడు. అందరి ఇళ్ళకూ నేను వెళ్ళాను. నా ఇంటికి ఎవరూ రాలేదు. నేనే వస్తానని అందరూ ఇంటిపట్టున ఉన్నారు, ఇంక నా తలుపు ఎవరు తడతారు? నా కాగితం ఇందులో పెట్టాను. మొదటి సోమవారానిదీ ఆఖరుదీ. రెంటిలోనూ మూళ్ళే. ఇవి శుక్రవారం మూళ్ళు కావు.

పెగీ పోయినప్పటినుంచి రెండో కప్పు బల్ల మీదనుంచి తియ్యలేదు. టీ పోస్తాను, చల్లారాక పారబోస్తాను. మగ్గం ఆపితే ఇంటిమీద ఒంటి పిచ్చుకలా ఉన్నానన్న కీర్తన ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలుస్తోంది. ఇది శుక్రవారం లేచి చెప్పి ఉండొచ్చు. చెబితే వెనక బల్లల నుంచి "ఎంత కృప పొందిన మనిషి" అని నిట్టూరుస్తారు. ఆమెను నేను మంచి పేరు కోసం వాడుకోలేను. అందుకే బాగానే ఉన్నానన్నాను. ఆ ఒక్క అబద్ధమే నా దగ్గర నిజాయితీగా మిగిలింది.

ఈ ఉత్తరం మీ మేడమ్‌కు చూపించు. నీకు సంతకం పడాలి. చేపల కోతకు నీ చేతులు పనికిరావు, చిన్నప్పుడే చూశాను.

నీ పెదనాన్న
మర్డో

తా.క. కవరు అంటిస్తుండగా తలుపు చప్పుడైంది. ఫిన్లే. చేతిలో ఉప్పుచేప, వెనక కేలమ్, ఇద్దరూ గుమ్మంలో నా కప్పులు ఎన్నున్నాయని వాదించుకుంటున్నారు. "నెల రోజులు మా ఇంట్లో కూర్చున్నావు, ఇప్పుడు మా వంతు" అంటున్నారు. కేలమ్ అడక్కుండానే రెండో కప్పు తీసుకుని కూర్చున్నాడు. అందులోనే టీ పోశాను. నువ్వు నా కాగితంలో అంకెలు దిద్దకు. అది సోమవారానిది. ఇవాళ మంగళవారం.