మందు జాకెట్టు పేల్చివేయకుండా ఆపుట గురించి

శ్రీయుత సబ్ కలెక్టరు వారి సముఖమునకు,
పాడేరు.

అరకులోయ మండలం పనసగుడ గ్రామంలో ఉంటూ, సంతల్లో మిషను పెట్టి బట్టలు కుట్టుకు బతికే కొర్రా సుక్రు వ్రాసుకొను అర్జీ.

తేది: 11-8-2009, మంగళవారం.

విషయం: గత నెల 31వ తేదీన బస్సు తనిఖీలో పట్టుకున్న ఆకుపచ్చ జాకెట్టు పేలునది కాదనియు, నా భార్య ప్రాణం దానిమీదనే ఆధారపడి యున్నదనియు, వచ్చే శుక్రవారంలోగా తిరిగి ఇప్పించవలెననియు వేడుకొనుట గురించి.

అయ్యా,

1. నా భార్య రత్నకు ముప్పై ఒక్క సంవత్సరములు. పదమూడో ఏట నుండి ఆమెకు మెడ, కుడిచేయి వాటంతట అవే మెలి తిరిగిపోవు జబ్బు కలదు. నిరుడు విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రి వారు విదేశీ దాతల సాయంతో ఆమె తలలోకి సన్నని తీగలు పంపి, రొమ్ము పైభాగాన చర్మం లోపల అగ్గిపెట్టె అంత యంత్రం అమర్చినారు. అది నడిచినంత కాలం ఆమె అందరివలెనే ఉండును. ఆగిపోతే మెలికలు మునుపటికంటె గట్టిగా వచ్చి ఊపిరి కూడా బిగుసుకుపోవచ్చునని డాక్టరు గారు నాకు రెండుసార్లు చెప్పి, అర్థమైందా అని మూడోసారి అడిగినారు.

2. లోపలి బ్యాటరీకి చర్మం మీద నుంచే, తీగ తగిలించకుండా, ఛార్జి ఎక్కించవలెను. అందుకు అరచేయంత గుండ్రని బిళ్ల ఒకటి ఇచ్చినారు. అది లోపలి యంత్రానికి సరిగ్గా ఎదురుగా నాలుగు గంటలు ఉండవలెను. బొటనవేలి వెడల్పు పక్కకు జరిగినా కుయ్యిమని అరిచి ఆగిపోవును. బిళ్లను పట్టి ఉంచుటకు కంపెనీ వారిచ్చిన పటకా పెద్ద ఒళ్ల మనుషుల కొలతకు కుట్టినది. రత్న గట్టిగా ఊపిరి పీలిస్తే జారిపోయేది. పొద్దంతా గోడకు ఆనుకొని కూర్చున్నా సగం ఎక్కేది కాదు. చంక కింద ఒరుసుకుపోయి పుండు కూడా పడినది.

3. కావున నేనే ఒక జాకెట్టు కుట్టితిని. ఈ వివరం తమకు అవసరమో కాదో తెలియదు. అయినను వ్రాయుచున్నాను, ఎందుకనగా బాంబులు చేయువాడు ఇంత కష్టపడడు. మొదట రవిక లోపల జేబు పెట్టితే బిళ్ల బరువుకు సాగిపోయినది. తరువాత ఎలాస్టిక్ పెట్టితే చెమటకు వదులైనది. మూడోదానికి ఇనుప హుక్కులు పెట్టితిని. బిళ్ల పక్కనున్న హుక్కు వేడెక్కి ఆమె ఒంటి మీద మచ్చ పడినది. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నంతగా ఎవరూ తిట్టలేదు. అప్పటినుంచి లోహం మానేసి కొబ్బరిచిప్ప బొత్తాలు వేసినాను.

మా అత్త యర్రమ్మ మా కొండల్లో పెద్దవాళ్లు కట్టే తీరున చీరను భుజం మీద ముడివేసి కట్టుకొనును. ఆ ముడితోనే కొండెక్కి కట్టెలు తెచ్చును, పొద్దుగూకినా అది జారదు. ఒకనాడు ఆమె వైపే చూస్తూ ఉండిపోతే ఏటల్లుడూ అని అడిగినది. ఇంటికి వచ్చి జాకెట్టు బరువంతా అటువంటి భుజం ముడి మీదికి ఎత్తితిని. బిళ్ల జేబును ఆ ముడికి వేలాడదీసి, వీపు మీదుగా తెచ్చిన రెండు గుడ్డ పట్టీలతో ఒంటికి హత్తించితిని. వేడి నిలవకుండా జేబు లోపలివైపు దోమతెర గుడ్డ వేసితిని. అది ఏడో జాకెట్టు. దానిని తొడుక్కొని రత్న చోడి చేలో కలుపు తీసుకుంటూనే ఛార్జి ఎక్కించుకొన్నది. బిళ్ల ఒక్కసారి కూడా అరవలేదు. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

4. జాకెట్టు రంగు గురించి పోలీసు వారు అడిగినారు. గట్టి గుడ్డ కావలసి ఉండి, ఒక హోంగార్డు గారికి అడవి డ్యూటీ కోసం ఆకుపచ్చ యూనిఫారం కుట్టగా మిగిలిన ముక్క వాడితిని. దానిని వారికి తిరిగి ఇవ్వకపోవడం నా తప్పు. వారి పేరు ఇక్కడ వ్రాయదలచలేదు. ధర్మ గారు చాలా మంచివారు, ఆయనకు ఈ సంగతి ఏమీ తెలియదు.

5. అటువంటి యంత్రమే ఉన్న రోగులు ఇంకా ఇద్దరున్నారని, వారికీ పటకా జారుచున్నదని, నీ జాకెట్టు తెచ్చి చూపమని డాక్టరు గారు కబురు పెట్టినారు. నాకు గర్వం కలిగినది. ముప్పయ్యో తేదీన రత్నకు నిండా ఛార్జి ఎక్కించి, మర్నాడు బిళ్లతో సహా జాకెట్టు సంచిలో పెట్టుకొని బస్సెక్కితిని. అవి అన్నల వారోత్సవాల రోజులని, పోలీసులు బస్సులన్నీ వెదకుదురని తెలిసి కూడా ఎక్కితిని. దారిలో తనిఖీ జరిగినది. అక్కడ జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు మనవి చేసుకొనుచున్నాను.

"ఏట్రా ఇది?" అని కానిస్టేబులు గారు అడిగినారు.

"మందు జాకెట్టండి బాబూ" అన్నాను.

"మందా? ఎవులికి?"

"మనిసికేనండి. గుండెల మీద కట్టుకుంటారు."

"కట్టుకుంటే ఏటవుద్ది?"

"ఛార్జి ఎక్కుద్దండి. ఆ తరవాత ఇంక బయం నేదు."

ఇక మాత్రలు అక్కరలేదు, ఈ కరెంటే మందు అని డాక్టరు గారు అన్నది మొదలు మా ఇంట్లో దానిని మందు జాకెట్టనే పిలుచుకొనుచున్నాము. మందుపాతరలో ఉన్నదీ ఆ మందేనని నాకు చేతులు వెనక్కి కట్టిన తరువాత గాని తట్టలేదు. అప్పటికి బస్సులో ఎవరూ లేరు. ఒక ముసలమ్మ కోడిపెట్టను కూడా వదిలేసి దిగిపోయినది. ఆ మందు కాదు బాబూ అని మొత్తుకున్నాను. "అయితే ఏ మందురా, తాగీదా?" అన్నారు. భయంలో అవునన్నాను. అదియు వ్రాసుకొన్నారు.

6. రెండు రోజులు స్టేషనులో ఉంచుకొని అడిగి పంపినారు. అన్నం పెట్టినారు, ఎవరూ కొట్టలేదు. కాని రత్న ఆసుపత్రి కార్డు జాకెట్టు జేబులోనే ఉండిపోయినది. అందులో ఇంగ్లీషులో జనరేటరు అనే మాట ఉన్నందున అనుమానం ఇంకా పెరిగినది. జాకెట్టు ఇప్పుడు ఇసుక బస్తాల వెనుక ఉన్నదట. విశాఖపట్నం నుంచి మనుషులు వచ్చి, ఖాళీ స్థలంలో పెట్టి పేల్చివేస్తారట. ఆసుపత్రికి ఫోను చేస్తే డాక్టరు గారు దేశంలో లేరన్నారు. ఇంకొక బిళ్ల రావడానికి నెల పడుతుందన్నారు. పోలీసు వారు నన్ను ఊరు దాటవద్దన్నారు గనుక ఈ అర్జీ మా ఊరి సోములమ్మ చేత పంపుచున్నాను. ఇది వ్రాసినందుకు నామీద మళ్లీ అనుమానం పడతారేమోనని భయముగా ఉన్నది. వ్రాయకుండుటకు అంతకంటె భయముగా ఉన్నది.

7. నిండా ఎక్కించిన ఛార్జి పదిహేను రోజులు వచ్చును. అనగా శుక్రవారం వరకు. యంత్రం చివరిదాకా బాగానే నడిచి ఒక్కసారిగా ఆగునట, ముందుగా ఏ గుర్తూ ఇవ్వదట. అందుచేత అన్నం కలిపేటప్పుడు ఆమె కుడిచేయి వైపే చూస్తున్నాను. "ఏటలా సూత్తన్నావు" అంటుంది. ఏమీ లేదంటున్నాను. నాకు చాలా భయంగా ఉందండి.

కాబట్టి తాము జోక్యం చేసుకొని ఆ జాకెట్టు పేల్చకుండా ఆపవలెను. ఇంకా అనుమానం ఉన్నచో నన్ను ఆ ఖాళీ స్థలానికే తీసుకుపొండి. అందరి ఎదుటా జాకెట్టు తొడుక్కొని, బిళ్ల మీట నొక్కి, తాము చాలనే వరకు నిలబడతాను. తమవారు ఎంత దూరంలోనైనా ఉండవచ్చును. రత్న తాను తొడుక్కుంటానంటుంది గాని ఆమెను అక్కడికి పిలవవద్దని ప్రార్థన. ఈ భయస్థుని మనవి శుక్రవారానికి ముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నోరు జారినవాడు,
కొర్రా సుక్రు

దీని కింద రాత్తన్నది నేను, రత్నని. ఈ కాయితం మా ఆయన మిషను కింద దాసేడు, నాకు దొరికింది. శుక్రవారం సంగతి నాకు తెల్దనుకుంటన్నాడు. తెలుసు బాబూ. నా ఎదుట నవ్వుతన్నాడని నేనూ నవ్వుతన్నాను. ఎనిమిదో తరగతిలో నా సెయ్యి మెలి తిరిగి బడి మానీసేను. పద్దెనిమిదేళ్లు ఎక్కడికెళ్లినా ఏలిముద్రే ఏసేను. నిరుటి నుంచి మళ్లీ రాత్తన్నాను. ఈ అచ్చరాలు సూడండి, ఒక్కటీ వంకర నేదు. మా ఆయన మాట నమ్మకపోతే ఈ కాయితం దాసుంచి, శనివారం నాడు నా సేత ఇంకోపాలి రాయించండి. అప్పుడు నేను రాయనేకపోతే, అది బాంబు కాదని తమకే తెలుత్తాది.

కొర్రా రత్న
(సంతకం)