కోళ్లకు సున్నం

దిల్‌సుఖ్‌నగర్,
మే 9, 2011.
ఇవాళ్టి పనులు: మామిడికాయ తొక్కు పెట్టాను, పరుపులు ఎండలో వేశాను, బట్టలు సగం ఉతికేసరికి నల్లా బంద్.

తమ్ముడు లచ్చయ్యకు అక్క దీవెనలు.
నీ సెల్‌ఫోను బటన్లు కోళ్లు పొడిచి తిన్నాయని పాల మహేష్ చెప్పాడు. అందుకే ఉత్తరం అతని చేతికిస్తున్నాను. కోళ్లు ఎండకు రొప్పుతూ, దాణా ముట్టక, ఒకదాని ఈకలు ఒకటి పీకుతున్నాయట. మళ్లీ పెంకు మెత్తని తోలుగుడ్లు వస్తే కొత్తపేట హాస్టల్ వాళ్లు నీ దగ్గర కొనడం మానేస్తారట. పక్కింటి అరుణమ్మ పశువుల దవాఖానలో కాంపౌండర్ కదా, అడిగాను. రొప్పితే ఒంట్లో లవణాలు పోతాయంది. నీళ్లలో చిటికెడు ఉప్పు, తినే సోడా కలుపు. కోళ్లకు సున్నం వేయి. బద్ధకించకు.
నీ అక్క కౌసల్యమ్మ
తా.క. బోనాలకు ఇస్తానన్న పెట్ట రెండేళ్లుగా బాకీ.

అబ్దుల్లాపూర్‌మెట్,
మే 12.
అక్కకు దండాలు.
ఉప్పు, సోడా కలిపిన. జర తాగుతున్నయి. సున్నం గూడ ఏసిన. ఒక్కొక్క కోడికి రెండు కోట్లు. ఒకటి పట్టుకుంటే ఇంకోటి ఉరుకుతది, పొద్దంత గదే పని. బకెట్ల పోయినేడు గోడకేసిన గులాబీ రంగు మిగిలింది, చూసుకోలే. అన్నీ గులాబీ అయినయి.
నీ తమ్ముడు లచ్చయ్య
తా.క. పుంజుకు బ్రష్ సరిపోలే. ముంచి తీసిన.

దిల్‌సుఖ్‌నగర్,
మే 13.
లచ్చయ్యా,
సున్నం కోళ్ల మీద కాదురా, దాణాలో. గుడ్డు పెంకు గట్టిపడేందుకు కలిపే సున్నపురాయి పొడి. మహేష్ చేత సంచి పంపుతున్నాను. కోళ్లను కడుగు. అసలే ఉద్యమం రోజులు, ఎక్కడ చూసినా గులాబీ జెండాలే, గులాబీ కోళ్లను గడప దాటనీయకు.
అక్క
తా.క. అరుణమ్మ నవ్వుతూ కూర మాడబెట్టింది.

ఎల్బీ నగర్ దీక్షా శిబిరం,
మే 18.
అక్కా,
నీ ఉత్తరం ఒచ్చేసరికే గడప దాటినయి. ఊరేగింపు పోయేటోళ్లు చూసిన్రు. తింటలేవని చెప్పిన. "గట్లనా, దీక్ష పట్టినయి" అని డీసీఎం వ్యాన్ల ఎక్కించి, దండలేసి, రిలే నిరాహార దీక్షల కూసోబెట్టిన్రు. షామియానా నీడ, రెండు కూలర్లు. ఒక్కటి ఇంకోదాని ఈక పీకలే. నేను ఆగలేక నీ పొడి దాణాల కలిపి పెడితే అందరి ముంగట తిన్నయి. శిబిరం పెద్ద యోగేందర్ పరేషాన్ అయి, ఒక్కొక్కదానికి నిమ్మరసం తాగించి దీక్ష విరమించినట్టు ఫోటోలు దిగిండు. నిన్నటి సంది గట్టి గుడ్లు. నీ పెట్టను మహేష్‌కిచ్చిన.
లచ్చయ్య
తా.క. పుంజు మైకు ఇడుస్తలేకుండె.

దిల్‌సుఖ్‌నగర్,
మే 21.
పనులు: కోడిని కడగడం, వాకిలి కడగడం, మళ్లీ కోడిని కడగడం.

లచ్చయ్యా,
హాస్టల్ వార్డెన్ సుమిత్రమ్మ రైతుబజారులో కలిసింది. గుడ్లు బాగున్నాయట, నీ దగ్గరే కొంటారట. కాకపోతే పిల్లలు దీక్ష చేసిన గులాబీ కోళ్ల గుడ్లే కావాలంటున్నారట. కాబట్టి దాణాలోనూ సున్నం వేయి, కోళ్ల మీదా వేయి.
అక్క
తా.క. నువ్వు పంపింది పెట్ట కాదు, పుంజు. రేడియో ఎక్కి కూస్తోంది. అయినా బోనాల బాకీ చెల్లు.