ఎండు మెత్తళ్లకు వచ్చిన నోటీసు

పటాన్‌చెరు,
ఆదివారం

ప్రియమైన బావకి,

"ఈ భవనమందు నివసించు సమస్త కుటుంబీకులకును, అద్దెదారులకును, మెట్ల కింద పడుకొను పిల్లికిని చేయు ప్రకటన. నేటి నుండి ఇచ్చట ఎండు మెత్తళ్లు వేయించుట, పులుసు పెట్టుట, వాటిని గూర్చి ఆశగా మాటలాడుట సైతము నిషేధించడమైనది. అతిక్రమించువారు సామానుతో సహా వీధిలోనికి మారవలెను."

భయపడ్డావా? నేనూ భయపడ్డాను. మా ఇంటి ఓనరు, పై అంతస్తు గుప్తాజీ గేటుకి అంటించిన నోటీసిది. ఆయన హిందీలో రాశాడు, నేను తెలుగులోకి దించాను. నువ్వు పలాస బస్సులో పంపిన ఎండు చేపలు, ఆ మెత్తళ్లే, నిన్న వేయించాను. అదీ నా నేరం.

ఇదేమైనా మన అక్కుపల్లా బావా, ఊరంతా ఒకటే వాసన రావడానికి? కింద మితాలి అని బెంగాలీ ఆవిడ, ఆవనూనె వాసన. నా పక్కన షీబా అని కేరళ నర్సు, కొబ్బరి నూనె వాసన. ఎదురింట్లో ఒడియా ఆయన. ఇచ్ఛాపురంలో నేర్చిన ఒడియా అంతా కూడగట్టుకుని పలకరిస్తే, నా మొహం చూసి జాలిపడి, "అన్నా, మాది బరంపురమే, తెలుగులో చెప్పు" అన్నాడు. హైదరాబాదు పొలిమేరలో దేశమంతా వచ్చి ఒకే కొళాయి దగ్గర లైను కట్టింది. అందులో గెంటేసేది నన్నొక్కణ్ణే.

రెండో సంగతి. నీ కాళ్లు పొంగుతున్నాయని నీ పెళ్లాం, మా అప్ప, చెప్పింది. ఫోను చేసి, మన ఉద్దానం కిడ్నీ రోగమేమో, రక్తపరీక్ష అనేసరికి కట్ చేస్తావు. ఉత్తరాన్ని ఎలా కట్ చేస్తావో చూస్తాను. పరీక్ష చేయించుకో.

నీ బామ్మర్ది,
ఢిల్లీరావు

*

అక్కుపల్లి,
గురువారం

ప్రియమైన ఢిల్లీకి,

మీ అప్ప బొడ్డమ్మకి నోరాగదు. సముద్రంలో నిలబడ్డ కాళ్లు పొంగకపోతే ఎండిపోతాయేటి? నాకేటీ లేదు.

ఉంటే మాత్రం ఏటి సేత్తాను? పలాస ఆసుపత్రిలో లైన్లో నిల్సుంటే, నా కంటే ముందు నా సంగతి ఊరికి సేరిపోద్ది. రోగమున్నోణ్ణి బోటెక్కనిస్తారా? వేట మానేసి ఒడ్డున కూకుని వలలకి మాట్లెయ్యాలా? ఇంకోపాలి రక్తం గిక్తం అన్నావంటే మెత్తళ్లు పంపను.

ఆ గుప్తాజీ కాళ్లు పట్టుకో. ఇల్లు పోగొట్టుకోకు.

ఇట్లు,
సన్యాసిరావు

*

పటాన్‌చెరు,
మంగళవారం

ప్రియాతిప్రియమైన బావకి,

కాళ్లు పట్టుకున్నాను. ఆయన ఇంకా బిగిశాడు. అప్పుడు నా నోటికి, దానికి తాళం లేదని నీకు తెలుసు కదా, ఒక మాటొచ్చేసింది. "అయ్యా, అది కూర కాదు, గంగమ్మ మొక్కు. మా ఉద్దానం వాళ్లు కొత్త ఇంట్లో దిగితే మెత్తళ్లు నైవేద్యం పెట్టాలి. మొక్కు సగంలో ఆపితే ఇంటి బోరు ఎండిపోతుంది" అన్నాను.

బోరు మాట వినేసరికి గుప్తాజీ మెత్తబడ్డాడు. ఎండాకాలం వస్తే ఇక్కడ నీళ్ల ట్యాంకరే దేవుడు. "సరే, మొక్కు ముగించెయ్. ఎవరు ముగించాలి?" అన్నాడు. బోటు నీళ్లలోకి దించినప్పుడల్లా గంగమ్మకి దీపం పెట్టే మా బావ రావాలన్నాను. మరి ఎవరి పేరు చెప్పమంటావ్?

నువ్వు రాకపోతే నేను వీధిలో ఉంటాను. వీధిలో ఉన్నోణ్ణి మందుల కంపెనీ గేటు దగ్గర కాపలాకి ఎవడు ఉంచుకుంటాడు? పసుపు, నిమ్మకాయలు, కొబ్బరికాయ తెచ్చుకో. రక్తం ఊసెత్తను, గంగమ్మ మీద ఒట్టు.

నీ దిక్కులేని బామ్మర్ది,
ఢిల్లీరావు

*

అక్కుపల్లి,
శుక్రవారం

ప్రియమైన దొంగ ఢిల్లీకి,

క్షేమంగా ఇంటికి సేరి వారం దాటింది. బస్సులో ఒకటే ఆలోసన. మీ మేడ బోరు కాడ దీపం పెట్టి నీళ్లు సల్లితే అందరూ దండం పెట్టారు. ఒకళ్లు అన్నం, ఒకళ్లు రొట్టె, ఒకళ్లు ఆకులో సుట్టిన సేప తెచ్చారు. నాకు ఒక్క భాషా రాదు. కడుపుకి మాత్రం అన్నీ తెలిసినాయి. ముక్కులు మూసుకుంటారనుకున్నోళ్లు మెత్తళ్ల గిన్నె కాడ తోసుకున్నారు! ఆ మితాలమ్మ నా సంచిలోకి తొంగి సూసి "ఇంకా లేవా?" అన్నట్టు సేతులు తిప్పింది. అప్పుడే అనుమానమేసింది.

ఆ తర్వాత నర్సమ్మ నా సేతికి రబ్బరు తాడు కట్టింది. "కేరళలో పూజ సేసినోడికి దిష్టి రక్తం తీత్తారు బావా" అన్నావు. ఒరే, గాలి ఎటు తిరుగుతాదో సూసి వల ఏసేవోణ్ణి నాను. నీ కన్ను ఎటు తిరుగుతాదో తెలీదేట్రా? రక్తం ఊసెత్తనని గంగమ్మ మీద ఒట్టేశావు. సమాధానం సెప్పుకో.

తెలిసీ సెయ్యి సాపాను. ఎందుకంటే ఆ మేడలో నన్నెరిగినోడు ఒక్కడూ లేడు. రోగముందన్నా లేదన్నా వాళ్ల భాషలో అనుకుంటారు, మన ఒడ్డుదాకా రాదు. రిపోర్టు సూసి నర్సమ్మ "ఇప్పుడే మొదలు, తొందరగా వచ్చారు" అన్నాదని నువ్వు సెప్పినప్పుడు, పక్కకి తిరిగి ముక్కు తుడుసుకున్నావు. నాను సూశాను.

మందులేసుకుంటన్నాను. పలాస ఆసుపత్రిలో కూడా సూపించాను, లైన్లోనే నిల్సున్నాను. బోటోళ్లకి నానే సెప్పేశాను. దించెయ్యలేదు. ఉప్పు తగ్గించమన్నారని బోటు మీద కూరలో అందరికీ ఉప్పు తగ్గించేశారు. ఆ సప్పిడి కూర తింటా పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నన్ను తిడతన్నారు.

మెత్తళ్లు నాకింక వద్దు. మీ అప్ప ఎండబెట్టినవన్నీ మీ మేడకే పంపుతున్నాను. ఒక్కటే మనసులో ఉండిపోయింది. గుప్తాజీని కలవలేదు. కాశీ ఎల్లారన్నావు. కాళ్ల వాపని నీ గది దాటి పైకి కూడా ఎక్కనివ్వలేదు. మన వల్ల పెద్దాయన ఇబ్బంది పడ్డాడు. కాశీబుగ్గ నుంచి మంచి జీడిపప్పు తెచ్చి పెడుతున్నాను, నా దండాలు సెప్పి ఆయన సేతికియ్యి.

ఇట్లు,
మీ బావ సన్యాసిరావు

*

పటాన్‌చెరు,
ఆదివారం

ప్రియమైన బావకి,

మెత్తళ్లు అందాయి. మూట విప్పకముందే మితాలి గిన్నెతో వచ్చి నిల్చుంది. వాళ్లు దీన్ని శుట్‌కి అంటారట, మొదటి రోజు నుంచీ నా వంటగదికి ముక్కు అప్పగించింది ఆవిడే. షీబా వాళ్లు కొబ్బరి కోరి వండుతారట. బరంపురం ఆయన సంగతి చెప్పక్కర్లేదు. ఈ మేడలో దీనికి అడ్డు చెప్పిన మనిషి పుట్టలేదు బావా.

గంగమ్మకి నేను విడిగా లెంపలు వేసుకున్నాను. నర్సు సూది పట్టుకుంటే, రక్తం ఊసు నేనెత్తినట్టు కాదని ఆవిడకి నచ్చజెప్పాను. ఒప్పుకుందనే అనుకుంటున్నాను.

నోటీసు నేను రాసుకున్నదే. గ్రాంథికం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. బోరుకి ఏ ఢోకా లేదు.

ఇంక జీడిపప్పు. నువ్వు చెప్పినట్టే దండాలు పెట్టి, ఆయన పేరు చెప్పి, పైకి పట్టుకెళ్లాను. పైన నీళ్ల ట్యాంకు ఉంది, దాని పక్కన పిల్లి ఉంది. గుప్తాజీ లేడు. కాశీ వెళ్లలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. మా మేడకి నా పైన ఇంకో అంతస్తే లేదు బావా.

పప్పు బాగుంది. పిల్లికి కూడా పెట్టాను.

మందులు మానకు.

నీ బామ్మర్ది,
ఢిల్లీరావు